"ఏమిటి" అనడానికి క్రొయేషియాలో మూడు మాటలు: ష్టో, కాయ్, చా

పోయిన వారం ఈ గుంపులో "ఏంది" సరైన మాటా, "ఏమిటి" సరైన మాటా అని నడిచిన చర్చ మొత్తం చదివాను. అప్పుడే రాద్దామనుకుని ఆగిపోయిన సంగతి ఇది.

క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో నేను రెండేళ్ళు ఉద్యోగం చేశాను. వెళ్ళే ముందు ఆరు నెలలు ఆన్‌లైన్‌లో భాష నేర్చుకున్నాను. "ఏమిటి" అంటే "ష్టో" అని మొదటి పాఠంలోనే చెప్పారు. దిగిన మర్నాడు పొద్దున్నే వీధి చివర రొట్టెల కొట్టుకి వెళ్తే, లోపల ఉన్న పెద్దావిడ నన్ను చూసి "కాయ్ బూ?" అంది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అంది, ఈసారి చెయ్యి రొట్టెల వైపు చూపిస్తూ. ఏం కావాలని అడుగుతోందని చేతిని బట్టి తెలుసుకున్నాను. వేలు పెట్టి చూపించి, రొట్టె కొనుక్కుని, ఇంటికొచ్చి పుస్తకం మొత్తం తిరగేశాను. "కాయ్" ఎక్కడా లేదు. దేశ రాజధానిలో పొద్దున లేచిన దగ్గర్నుంచి జనం వాడే "ఏమిటి" పాఠ్యపుస్తకంలో లేదు!

తర్వాత తెలిసింది. ఆ దేశంలో "ఏమిటి" అనడానికి మూడు మాటలున్నాయి. ష్టో, కాయ్, చా. అక్కడి భాషకున్న మూడు మాండలికాలకు పేర్లు కూడా ఈ మాటల మీదే పెట్టుకున్నారు. ష్టో అనేవాళ్ళది ష్టోకావ్‌స్కీ, కాయ్ అనేవాళ్ళది కాయ్‌కావ్‌స్కీ, చా అనేవాళ్ళది చాకావ్‌స్కీ. జాగ్రెబ్, దాని ఉత్తరాన ఉన్న జాగొర్యె కొండలు, వరాజ్దిన్, మెజిముర్యె అంతా కాయ్. ఇస్ట్రియా, ఏడ్రియాటిక్ సముద్రంలోని చాలా దీవులు చా. మిగతా పెద్ద భాగం ష్టో. మనమే గనక ఆ పద్ధతి పాటిస్తే తెలంగాణది "ఏందీయం", కోస్తాది "ఏంటీయం", శ్రీకాకుళంది "ఏటీయం" అయ్యేవి. యాసలకు ప్రాంతాల పేర్లు పెట్టడం కన్నా ఇది నాకు ఎంతో నచ్చింది. మనిషి నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఊరేదో తెలిసిపోతుంది.

ఇంకో ముచ్చట. ఆ భాషని వాళ్ళు "హృవాత్‌స్కి" అంటారు. "హృదయం"లోని "హృ"నే. మనం ఋ అక్షరం రాస్తాం గానీ పలికేటప్పుడు రు, రి చేసేస్తాం. వాళ్ళు అచ్చు తోడు లేకుండా రకారాన్నే అచ్చుగా పలుకుతారు. "క్ర్క్" అని ఒక దీవి ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో చూస్తే అందులో అచ్చే కనిపించదు. మనకైతే "కృక్" అని రాసుకోవచ్చు, ఇబ్బంది లేదు.

ఈ మూడు మాటల పుట్టుక గురించి కూడా చెప్పాలి. చా, ష్టో ఒకే తల్లి బిడ్డలు. రష్యన్, చెక్, క్రొయేషియన్ లాంటి భాషలకు తల్లి అయిన పాత స్లావిక్‌లో "చి"కి దగ్గరగా, చాలా పొట్టి అచ్చుతో ఒక మాట ఉండేది. చాకావ్‌స్కీ వాళ్ళ నోట ఆ పొట్టి అచ్చు సాగి "చా" అయింది. మిగతా చోట్ల దానికి "అది" అనే అర్థమున్న "తో" తోడై "చితో", ఆ తర్వాత నలిగి "ష్టో" అయింది. మన "కించిత్తు"లో ఉన్న సంస్కృత "చిత్" దీనికి దూరపు చుట్టం. కాయ్ మాత్రం వేరే కొమ్మ. "కః, కిం"లో ఉన్న కకారం ఉంది చూశారా, ఆ కొమ్మ.

విస్ లాంటి కొన్ని దీవుల్లో చకారం "ౘ" అవుతుంది, మన "ౘాప", "ౘాలు"లో పలికినట్టు. వాళ్ళు దానికి ప్రత్యేకంగా ఒక అక్షరం కేటాయించుకున్నారు. ఇంగ్లిష్ C మీద ఒక గీత తోడైతే చ, గీత లేకపోతే ౘ. మనకూ అక్షరం ఉండేది, వదిలేశాం.

— ఒంగోలు మాస్టారు అడిగారు: మూడు ఉన్నప్పుడు పుస్తకంలోకి ష్టో ఒక్కటే ఎలా ఎక్కింది బాబూ? పెద్ద సంఖ్యలో ఉన్నవాళ్ళు గెలిచారా?

మాస్టారూ, సంఖ్య ఒక కారణం. దాని వెనక ఒక మనిషి ఉన్నాడు. పేరు ల్యూదెవిట్ గాయ్. 1809లో క్రాపినా అనే ఊళ్ళో పుట్టాడు. క్రాపినా జాగొర్యెలో ఉంది, అంటే అచ్చమైన కాయ్ ప్రాంతం. 1830లో, ఇరవై ఒక్కేళ్ళ వయసులో, బుడా నగరంలో చిన్న పుస్తకం అచ్చు వేశాడు. ఇంతకుముందు చెప్పిన గీతల అక్షరాలు అందులోవే, చెక్ భాష నుంచి తీసుకున్నవి. 1835లో పత్రిక పెట్టాడు. మొదటి సంవత్సరం తన ఇంటి మాటలోనే, కాయ్‌లోనే నడిపాడు. 1836 నుంచి ష్టోకి మార్చేశాడు.

అప్పట్లో క్రొయేషియా ముక్కలు ముక్కలుగా ఉండేది. జాగ్రెబ్ హంగేరీ కిరీటం కింద, డాల్మేషియా తీరం ఆస్ట్రియా పాలనలో. శాసనసభలో మాట్లాడే భాష లాటిన్. 1843 మే 2న ఇవాన్ కుకుల్యెవిచ్ లేచి మొదటిసారి క్రొయేషియన్‌లో ప్రసంగించాడు. 1847 అక్టోబర్ 23న గానీ సభ దాన్ని అధికార భాషగా ఒప్పుకోలేదు. పై నుంచి హంగేరియన్ రుద్దుతారన్న భయం. అందరినీ కలిపే భాష ఒకటి త్వరగా కావాలి. ష్టో ఎక్కువమంది మాట్లాడేది, డుబ్రోవ్నిక్ కవుల సాహిత్యం దాని వెనక ఉంది. అందుకని గాయ్, ఆయన మిత్రులు దాన్నే ఎంచుకున్నారు.

ఆ రోజుకి అది సరైన నిర్ణయమేనని నేనూ అంటాను. కానీ కాయ్‌లో అప్పటికే రెండు మూడు వందల ఏళ్ళ పుస్తకాలు, పెద్ద పెద్ద నిఘంటువులు ఉన్నాయి. చా అయితే ఇంకా ముందు. 1521లో వెనిస్‌లో అచ్చయిన మార్కో మరులిచ్ కావ్యం చాకావ్‌స్కీలోదే. "హృవాత్‌స్కిలో పద్యాలుగా కూర్చినది" అని ఆయన ముఖపత్రం మీదే వేసుకున్నాడు. అంత వెనక నుంచి నడిచొచ్చిన రెండు మాటలు ఒక్కసారిగా "పల్లెటూరి మాటలు" అయిపోయాయి. ఇగ్నాట్స్ క్రిస్తియానొవిచ్ అనే మతాచార్యుడు మాత్రం ఒప్పుకోలేదు. 1850 దాకా కాయ్‌లో తన పంచాంగం తను వేస్తూనే ఉన్నాడు. నాకు గాయ్ మీద గౌరవం, ఈయన మీద ప్రేమ.

కాయ్ పోలేదు లెండి. గాయ్ పుట్టిన క్రాపినాలోనే 1966 నుంచి కాయ్ పాటల పండుగ జరుగుతోంది. 1936లో మిరోస్లావ్ క్ర్లెజా, ఆ దేశపు అతి పెద్ద రచయితల్లో ఒకరు, ఒక కావ్యం మొత్తం కాయ్‌లోనే రాశారు.

— నిజామాబాద్ నుంచి ఒక తమ్ముడు: అన్నా, సెర్బియన్, క్రొయేషియన్ ఒకటే భాష అంటారు కదా?

రెండింటి ప్రామాణిక రూపాలూ ష్టో మీదే కట్టారు తమ్ముడూ. అందుకే ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది. పుస్తకాల క్రొయేషియన్ జాగొర్యె పల్లెటూరి కాయ్ కన్నా బెల్‌గ్రేడ్ మాటకే దగ్గర. అయినా వెయ్యికి అక్కడ "హిల్యద", ఇక్కడ "తిసుచ". రొట్టె అక్కడ "హ్లేబ్", ఇక్కడ "క్రూహ్". నెలల పేర్లయితే క్రొయేషియన్‌లో సొంతం. ఏప్రిల్ "త్రావన్య్", గడ్డి మొలిచే నెల. జులై "సృపన్య్", కొడవలి నెల. అక్టోబర్ "లిస్తొపాద్", ఆకు రాలే నెల. తమ భాషకు తమ పేరు ఉండాలని 1967లో 18 సంస్థలు కలిసి ప్రకటన ఇచ్చాయి. సెర్బియా, క్రొయేషియా ఒకే దేశంలో ఉన్న యుగోస్లావియా రోజుల్లో దానికి చాలా ధైర్యం కావాలి. 2013లో అది యూరోపియన్ యూనియన్‌కి 24వ అధికార భాష అయింది. ఒక భాషో రెండు భాషలో అనే వాదనలోకి నేను వెళ్ళను. తమ భాషకు ఏ పేరు పెట్టుకోవాలో మాట్లాడేవాళ్ళ ఇష్టం.

— హోసూరు నుంచి ఒక అక్క: మీరు యాసల గురించి చెప్తున్నారు బాగానే ఉంది. పక్క పక్కనే బతికే వేరే భాషల మాటేంటి? మా పిల్లలకు ఇక్కడ బళ్ళో తెలుగు నిలబెట్టుకోవడానికి మేం పడే తిప్పలు మీకు తెలుసు.

అక్కా, అసలు రాయాలనుకున్నది అదే.

"ఏమిటి" పట్టుకునే నడుద్దాం. జాగ్రెబ్ నుంచి తూర్పుగా వెళ్తే దారువర్ అనే పట్టణం వస్తుంది. అక్కడ చెక్ వాళ్ళున్నారు. వాళ్ళ "ఏమిటి" "ౘో". చెక్ బడి ఉంది, "యెద్నోత" అని వారపత్రిక కూడా ఉంది. ఇంకా తూర్పుగా వుకొవర్ దగ్గర పెత్రొవ్‌ౘి, మిక్లుషెవ్‌ౘి అని రెండు ఊళ్ళు, రుసిన్ అనే స్లావిక్ జాతి వాళ్ళవి. వాళ్ళూ "ౘో" అనే అంటారు, కానీ రష్యన్ రాసే సిరిలిక్ లిపిలో రాస్తారు. ఇలోక్‌లో స్లొవాక్ వాళ్ళది "చో". బరాన్యలో హంగేరియన్లది "మి". ఇస్ట్రియాలో ఇటాలియన్ వాళ్ళది "కె కోజా". అక్కడ ఊరి బోర్డులు రెండు భాషల్లో ఉంటాయి, రొవిన్య్ కింద రొవిన్యో, పూలా కింద పోలా. పడమట సరిహద్దు దాటితే స్లొవేనియాలో "ఏమిటి" మళ్ళీ "కాయ్"! దేశం గీత గీసింది గానీ మాట గీత దాటి పోయింది.

చట్టం ఏం చెప్తుందంటే, 2002 నాటి రాజ్యాంగ చట్టం ప్రకారం ఒక స్థానిక పాలనా ప్రాంతంలో అల్పసంఖ్యాకులు మూడో వంతు ఉంటే వాళ్ళ భాష, లిపి సమానంగా అధికారికం. బళ్ళలో మూడు పద్ధతులు: చదువంతా సొంత భాషలో, సగం సగం, లేదా సొంత భాషకు కొన్ని పీరియడ్లు. 1997లోనే యూరప్ భాషా ఒప్పందాన్ని ఆమోదించి ఏడు భాషలకు మాటిచ్చారు: ఇటాలియన్, సెర్బియన్, హంగేరియన్, చెక్, స్లొవాక్, రుసిన్, ఉక్రేనియన్. కాగితం మీద ఇది చాలా మంచి చట్టం. మన దగ్గర ఇంత స్పష్టంగా ఉంటే మీ పిల్లల బడి గొడవ సగం తీరేది.

కానీ మూడో వంతు అనే లెక్క ఎంత పదునో వుకొవర్‌లో తెలిసింది. 1991 యుద్ధంలో యుగోస్లావ్ సైన్యం, సెర్బు దళాలు చేసిన 87 రోజుల ముట్టడిలో నేలమట్టమైన ఊరు అది. 2011 జనాభా లెక్కల్లో అక్కడ సెర్బులు మూడో వంతు దాటారు. 2013లో ఆఫీసుల మీద సెర్బులు వాడే సిరిలిక్ లిపిలో కూడా బోర్డులు పెట్టారు. జనం సుత్తులతో పగలగొట్టారు. ఇద్దరి బాధా నాకు అర్థమవుతుంది. కొడుకుని పోగొట్టుకున్న తల్లికి ఆ లిపి చూస్తే యుద్ధం గుర్తొస్తుంది. ఆ లిపిలో పాఠాలు చదువుకునే పిల్లకి అదే అమ్మ లిపి. 2021 లెక్కల్లో సెర్బుల శాతం మూడో వంతు కిందికి దిగింది. మూడో వంతు గీతకి కాస్త పైకి పోతే హక్కు, కాస్త కిందికొస్తే లేదు. భాషను ఇలా తూకం వేయడం నాకు మింగుడు పడలేదు.

మెజిముర్యె సంగతి వింటే ఇంకా బాధేస్తుంది. అక్కడి రోమా (జిప్సీ) పిల్లల్లో చాలామంది ఇంట్లో బయాష్ మాట్లాడతారు, రుమేనియన్‌కి చుట్టమైన పాత మాట. ఆ పిల్లలకు క్రొయేషియన్ సరిగ్గా రాదని చెప్పి కొన్ని బళ్ళలో వేరే తరగతుల్లో కూర్చోబెట్టారు. రోమా పిల్లలు మాత్రమే ఉండే తరగతులు. 2010 మార్చి 16న స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు అది వివక్షేనని తీర్పు చెప్పింది. న్యాయమూర్తులు 9 మంది అటు, 8 మంది ఇటు. ఒక్క ఓటు తేడా! ఇంట్లో వేరే భాష మాట్లాడిన పాపానికి చిన్న పిల్లల్ని వేరే గదిలో పెట్టకూడదని చెప్పడానికి అంత కష్టమైంది.

ఇక మూడో వంతు చట్టానికి అసలు అందని వాళ్ళున్నారు. ఇస్ట్రియాలో ఉచ్‌కా కొండకు అటూ ఇటూ జెయానె, షుష్న్యెవిౘ అనే ఊళ్ళు. పండితులు ఆ భాషను ఇస్ట్రో-రుమేనియన్ అంటారు. ఊరివాళ్ళు ఆ పేరు వాడరు. జెయానెలో "జెయాన్‌స్కి" అంటారు, షుష్న్యెవిౘలో "వ్లాష్కి" అంటారు. అందులో రెండు అచ్చుల మధ్య నకారం రకారమైపోతుంది. రుమేనియన్ "బినె" అంటే "బాగు", ఇక్కడ "బిరె". ఊళ్ళలో ఇది మాట్లాడేవాళ్ళు కొన్ని వందల మంది కూడా లేరు. చాలామంది న్యూయార్క్‌కి వలసపోయారు. ఇటాలియన్ వెనక ఇటలీ ఉంది, హంగేరియన్ వెనక హంగేరీ ఉంది. జెయాన్‌స్కి వెనక జెయానె ఒక్కటే ఉంది.

అక్కా, ఇంకొకటి కూడా చెప్పాలి. క్రొయేషియన్ కూడా వేరే చోట అల్పసంఖ్యాక భాషే. ఇటలీలో మొలీజె అనే ప్రాంతంలో మూడు ఊళ్ళున్నాయి. వందల ఏళ్ళ కింద తురుష్కుల దాడులప్పుడు సముద్రం దాటిపోయినవాళ్ళ మనవలు వాళ్ళు. తమ భాషను క్రొయేషియన్ అనరు. "న-నాషు" అంటారు, అంటే "మన దాంట్లో". మీ వైపు "మనోళ్ళా? మన మాటలో చెప్పండి" అంటారే, సరిగ్గా అదే.

— అదే అక్క మళ్ళీ: ఒక భాష పూర్తిగా పోతే ఏమవుతుందో అక్కడ చూశారా?

చూశాను. చెప్తాను. ఇందాకటి కృక్ దీవికి ఒక సెలవు రోజు వెళ్ళాను. బాష్కా దగ్గర యురాన్‌ద్వోర్ అనే పల్లె, చిన్న గుడి. క్రొయేషియన్ మాటల తొలి శాసనాల్లో ఒకటి ఇక్కడే దొరికింది. సుమారు 1100 నాటి రాతి పలక, గ్లాగొలిటిక్ అనే పాత స్లావిక్ లిపిలో. అసలుది జాగ్రెబ్‌లో అకాడమీలో ఉంది, గుళ్ళో ఉన్నది నకలు. మొదటి మాట "అజ్". అంటే "నేను". జ్వొనిమిర్ రాజు పేరు, దాని పక్కనే "హృవాత్‌స్కి" అనే మాట కూడా అందులో ఉన్నాయి. వాళ్ళకి అది మన నన్నయ అంత.

ఇదే దీవిలో ఇంకో భాష ఉండేది. డాల్మేషియన్, లాటిన్ నుంచి పుట్టింది. దాన్ని మాట్లాడిన చివరి మనిషి తువోనె ఉదాయినా కృక్ వాడే. 1897లో మత్తేయో బార్తోలి అనే భాషావేత్త, ఇస్ట్రియాలో పుట్టినవాడే, వెతుక్కుంటూ వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాడు. ఉదాయినాకి చెవులు వినిపించవు, పళ్ళు లేవు. చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే విని నేర్చుకున్న భాష. ఇరవై ఏళ్ళుగా మాట్లాడటానికి ఎవరూ లేక నోరు తెరవలేదు. బార్తోలి దాదాపు 2,800 మాటలు రాసుకున్నాడు. మర్నాటి సంవత్సరం, 1898 జూన్ 10న, రోడ్డు పనిలో పేలుడు జరిగి ఉదాయినా చనిపోయాడు. బార్తోలి ఒక్క ఏడాది ఆలస్యం చేసి ఉంటే ఆ 2,800 మాటలూ ఉండేవి కావు. ఒక భాష "నేను" అని రాతి మీద మొదలెట్టిన దీవిలోనే ఇంకో భాష ఆగిపోయింది. ఆ రోజు బాష్కా సముద్రం ఒడ్డున చాలాసేపు కూర్చుండిపోయాను, లేవబుద్ధి కాలేదు.

— నల్గొండ నుంచి ఒక చెల్లి: అన్నా, నేను కాలేజీలో "ఏంది" అంటే వెనక బెంచీ నుంచి నవ్వేవాళ్ళు. అప్పట్నుంచి హైదరాబాద్‌లో "ఏంటి" అనడం మొదలుపెట్టా. మీ "కాయ్" కథ చదివి ఇంటికి ఫోన్ చేసి అమ్మతో "ఏందమ్మా" అన్నా.

చెల్లీ, నేనూ పడ్డాను ఆ నవ్వు. మాది సూర్యాపేట దగ్గర. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మీటింగ్‌లో "ఏందది?" అన్నానని పై అధికారి అందరి ముందూ నా మాట తిప్పి పలికాడు. ఎంత టెన్షన్ పడ్డానంటే, తర్వాత నెల రోజులు మీటింగుల్లో ఇంగ్లిష్ తప్ప మాట్లాడలేదు. అందుకే ఆ రొట్టెల కొట్టు పెద్దావిడ "కాయ్ బూ?" అన్నప్పుడు, తర్వాత సంగతి తెలిశాక, నాకు అంత ఆనందం కలిగింది. ఆవిడ పుస్తకం కోసం తన మాట మార్చుకోలేదు. నేనే నేర్చుకున్నాను. రెండో నెలలో "బూమో విద్లి" అని కూడా అన్నాను, "చూద్దాంలే" అని. ఆవిడ రొట్టె మీద ఒక గసగసాల చుట్ట ఎక్కువ పెట్టి ఇచ్చింది.

— ఒంగోలు మాస్టారు: గిడుగు వారిని మర్చిపోయావు బాబూ.

మర్చిపోలేదు మాస్టారూ, మీరే అంటారని ఆగాను. వ్యావహారికం కోసం పోట్లాడిన రామమూర్తి పంతులుగారే పర్లాకిమిడి కొండల్లో సవర నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు చేశారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి తెలుగు గురించి మాట్లాడతాం గానీ సవర గురించి ఎవరూ ఎత్తరు. పక్కింటి భాష మీద ఆయనకున్న శ్రద్ధ నాకు ఆయన తెలుగు పోరాటమంత పెద్దదిగా కనిపిస్తుంది.

అందరికీ ఒక పని. "ఎందుకు" అనడానికి అక్కడ మూడు మాటలు: జాష్టో, జాకాయ్, జాచ్. మూడింట్లోనూ "కోసం"కి "ఏమిటి" అతికించారు. మన పాత "ఏమిటికి" కూడా అలా కట్టిందే. మీ ఊళ్ళో, మీ ఇంట్లో పెద్దవాళ్ళు "ఎందుకు"ని ఏమంటారో ఊరి పేరుతో సహా కింద రాయండి.

— మదనపల్లె నుంచి ఒక అన్న: మా అవ్వ "ఏంటికి రా" అంటుంది. ఇప్పుడే అడిగాను. "ఏంటికి అడగతావు?" అంది.

— హోసూరు అక్క: రేపు చెప్తాను. మా అత్తగారు పడుకున్నారు.